కస్టర్ పార్కులో గాడిదల చెకింగ్

మా నాన్న నోటి వెంట ఇన్నేళ్లలో "గాడిద" అన్న మాట ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో లెక్క తీస్తే, అందులో ముప్పాతిక వంతు నా ఖాతాలోనే పడుతుంది. సైకిలు చైను ఊడగొడితే గాడిద, ఎక్కాలు తప్పితే గాడిద, ఆదివారం తొమ్మిదింటిదాకా పడుకుంటే అడ్డగాడిద. తెనాలి డిపోలో ముప్ఫై ఏళ్ల పైచిలుకు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. ఆయన బస్సుకి హారన్ దండగ అని మా అమ్మ అనేది. అలాంటి మనిషి పోయిన జూన్‌లో అమెరికాలో, సౌత్ డకోటా రాష్ట్రంలో, ఒక గాడిద గడ్డం కింద చెయ్యి పెట్టి "తిను నాన్నా, తిను" అని బతిమాలాడు. నన్ను ఆయన ఎప్పుడూ నాన్నా అని పిలిచిన పాపాన పోలేదు. ఆ బాధ వెళ్లగక్కుకోవడానికే ఈ నాలుగు రోజుల కథ.

మొదటి రోజు

మేముండేది డెన్వర్ పక్కన అరోరాలో. అమ్మానాన్నలు వచ్చి అప్పటికి రెండు నెలలు. గుడి, కాస్ట్‌కో, మళ్లీ గుడి, మళ్లీ కాస్ట్‌కో. నాన్నకి విసుగొచ్చి ఇంటి ముందు రోడ్డు మీద పోయే స్కూలు బస్సుల టైమింగులు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇక లాభం లేదని నాలుగు రోజులు సెలవు పెట్టి బ్లాక్ హిల్స్ అనే కొండల ప్రయాణం కట్టాను. ముఖ్యంగా కొండకి ప్రెసిడెంట్ల మొహాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ చూపిద్దామని. గాడిదల సంగతి నాకు లీలగా తెలుసు కానీ ఇంట్లో చెప్పలేదు. గాడిదల్ని చూడ్డానికి మూడొందల మైళ్లు పోదాం అంటే నాన్న ఏమంటాడో ఊహించుకోవచ్చు.

పొద్దున్న ఆరింటికి బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ల మావాడు, అమ్మ, నాన్న. పులిహోర, పెరుగన్నం, చిన్న సీసాలో ఆవకాయ, అమ్మ రెండు రోజులు కూర్చుని వండిన జంతికలు ఒక డబ్బాడు. డబ్బా అమ్మ ఒళ్లోనే ఉంటుంది. ఎవరికెన్ని ఇవ్వాలో ఆవిడే చూసుకుంటుంది. నాన్న ముందు సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూ ఉంటాడు. ఎదర లారీ కనబడిందంటే ఆయన కుడికాలు చాప మీద గట్టిగా దిగబడుతుంది.

షయాన్ దాటాక వ్యోమింగ్ మొదలంటే మొదలే. మైళ్లకు మైళ్లు గడ్డి, గడ్డి మధ్యలో ఒక తీగె కంచె, కంచె అవతల మళ్లీ గడ్డి. "ఇంత నేల పెట్టుకుని వరి వెయ్యరేవిట్రా?" అని నాన్న. నీళ్లు లేవు నాన్నా అన్నాను. లస్క్ అనే చిన్న ఊళ్లో పెట్రోలు పోయించుకుని ఉత్తరానికి వెళ్తే, రెండు హైవేలు కలిసేచోట "మ్యూల్ క్రీక్ జంక్షన్" అని బోర్డు. ఊరు లేదు, రెస్ట్ ఏరియా ఒకటి ఉందంతే.

"మ్యూల్ అంటే?"

"కంచరగాడిద నాన్నా."

"శుభం," అంది అమ్మ వెనక నుంచి. "ప్రయాణంలో గాడిద ఎదురైతే మంచిది. పేరైనా సరే." ఆ రెస్ట్ ఏరియాలోనే పులిహోర తిన్నాం. గాలికి పేపర్ ప్లేట్లు ఎగిరిపోకుండా పట్టుకోవడానికి ఒక చెయ్యి, తినడానికి ఒక చెయ్యి.

సాయంత్రం హాట్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో మామత్‌ల, అంటే ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగు జాతి జంతువుల, తవ్వకం చూశాం. 1974లో ఇళ్లు కట్టడానికి గుట్ట చదును చేస్తుంటే ఏనుగు దంతం లాంటిది తగిలిందట. చూస్తే పూర్వకాలపు నీటిగుంటలో జారిపడి బయటికి రాలేక చచ్చిపోయిన మామత్‌లు, అరవైకి పైగా. ఎముకల్ని కదపకుండా పైన పెద్ద షెడ్డు వేసేశారు. మావాడు అక్కణ్ణించి రానన్నాడు. బతిమాలి, బెదిరించి కస్టర్ అనే ఊళ్లో మోటల్‌కి చేరేసరికి రాత్రి తొమ్మిది. అయినా ఇంకా వెలుతురే.

రెండో రోజు

కస్టర్ స్టేట్ పార్కు డెబ్భై ఒక్క వేల ఎకరాలు. అందులో పద్దెనిమిది మైళ్ల వైల్డ్‌లైఫ్ లూప్ అని ఒక రోడ్డు గుండ్రంగా తిరిగి వస్తుంది. పొద్దున్నే ఎనిమిదింటికి ఎక్కాం. ఒక పక్క పైన్ చెట్లు, ఒక పక్క మోకాలెత్తు గడ్డితో పచ్చటి దిబ్బలు. ప్రాంగ్‌హార్న్ జింకలు చూశాం, బొరియల్లోంచి తలలు పైకెత్తి కీచుమని అరిచే, ఉడుతల్లాంటి ప్రెయిరీ డాగులు చూశాం. తరవాత బైసన్‌లు, అంటే అమెరికా అడవి దున్నలు.

బైసన్‌ల గురించి ఒక్క మాట చెప్పాలి. 1914లో ఈ పార్కు వాళ్లు ఒక పశువుల ఆసామి పెంచిన మందలోంచి ముప్ఫై ఆరు బైసన్‌లు కొన్నారు. ఇప్పుడు వెయ్యికి పైనే ఉన్నాయి. ఏటా సెప్టెంబరు చివర్లో గుర్రాల మీదా జీపుల మీదా వెళ్లి మందనంతా ఒకచోటికి తోలుకొస్తారు. ఆ రోజు వేలమంది జనం వస్తారు. మేం వెళ్లినప్పుడు ఎర్రమట్టి రంగు దూడలు తల్లుల వెనక గెంతుతున్నాయి. మంద రోడ్డు దాటుతుంటే ఇరవై నిమిషాలు ఆగాం. ఒక పెద్ద మగది మా బండి పక్కగా నడిచింది, దాని మూపు మా కిటికీ పైదాకా ఉంది. కారులో ఎవ్వరం మాట్లాడలేదు. నాన్న కూడా. వాటి దగ్గరికి వెళ్లిన టూరిస్టుల్ని కొమ్ములతో ఎత్తేసిన సంఘటనలు ఉన్నాయి, కాబట్టి అద్దాలు పైకెత్తుకుని బుద్ధిగా కూర్చోవడమే పద్ధతి.

ఆ బుద్ధి ఇంకో మూడు మైళ్లు నిలబడింది.

మలుపు తిరగ్గానే నాలుగు కార్లు వరసగా ఆగి ఉన్నాయి, అన్నిటికీ హజార్డ్ లైట్లు. "యాక్సిడెంటా?" అని నాన్న సీటు బెల్టు తీసేశాడు. తీరా చూస్తే మొదటి కారు కిటికీలోంచి ఒక గాడిద వెనక భాగం కనిపిస్తోంది. అంటే తల లోపలుంది. రెండో కారుకి అటొకటి ఇటొకటి. మూడో కారు ముందు ఒకటి అడ్డంగా నిలబడింది, కదలదు. ఆ కారు అద్దాలు మూసి ఉన్నాయి కాబట్టి సైడ్ మిర్రర్‌ని తీరిగ్గా నాకుతోంది.

"ఒరేయ్, ఇది చెకింగ్ స్క్వాడ్‌రా!" అన్నాడు నాన్న. ఆయన మొహం అలా వెలగడం రెండు నెలల్లో అదే మొదలు. "ముందు డోరు నుంచి ఒకడు, వెనక డోరు నుంచి ఒకడు, బస్సు కదలకుండా ఎదర ఒకడు. సరిగ్గా ఇంతే!"

నిజంగానే ఇంతే. వాటికో పద్ధతి ఉంది. ఒక కారులో పని అయిపోగానే తల బయటికి తీసి, వెనకాల కారుకేసి నడుచుకుంటూ వస్తాయి. పరుగు లేదు, తొందర లేదు. ఎలాగూ ఆగుతారని తెలుసు. మా వంతు వచ్చింది. బూడిద రంగుది నా పక్కకి, కుడి చెవి చివర కొద్దిగా చినిగి ఉన్న గోధుమ రంగుది వెనక సీటు పక్కకి వచ్చాయి.

"అద్దాలు దించకండి," అంది మా ఆవిడ.

మావాడు అప్పటికే బటన్ నొక్కేశాడు.

తల లోపలికి వచ్చింది. గాడిద తల అంత పెద్దదని దూరం నుంచి చూస్తే తెలీదు. కారులో దాని తల తప్ప ఇంకేం లేనట్టయింది. మూతి చుట్టూ తెల్లగా, పిండిలో ముంచి తీసినట్టు ఉంది. కళ్ల చుట్టూ కూడా అదే తెలుపు. పెదాలు మెత్తగా వెల్వెట్‌లా, వాటి మీద గరుకు వెంట్రుకలు అక్కడొకటి అక్కడొకటి. నమిలిన గడ్డి వాసన. ఆ పై పెదవి మన చూపుడు వేలు పనిచేసినట్టు పనిచేస్తుంది. ముందు మావాడి టోపీ తడిమింది, కాదనుకుంది. సీటు బెల్టు తడిమింది, కాదనుకుంది. తరవాత అమ్మ ఒడిలోని డబ్బా.

మూత తీసే ఉంది. నేను వెనక్కి తిరిగేలోపు ఒక జంతిక పోయింది. కరకరమని శబ్దం కూడా వచ్చింది.

"ఏవండీ!" అని అమ్మ అరిచిన అరుపుకి ముందు కారువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. గాడిద మాత్రం చెక్కు చెదరలేదు. డబ్బాలోకి ఇంకోసారి మూతి పెట్టబోతే అమ్మ చటుక్కున మూత పెట్టేసింది. అప్పుడది పక్కనున్న సంచీ వాసన చూసింది. సంచీలో ఆవకాయ సీసా. మూత గట్టిగానే ఉంది కానీ నిన్న మ్యూల్ క్రీక్ దగ్గర కాస్త నూనె కారింది. వాసన చూసిన గాడిద తల పైకెత్తి, పై పెదవిని ముక్కు మీదికి మడిచేసి, పసుప్పచ్చటి పళ్లన్నీ బయటపెట్టి, కళ్లు సగం మూసుకుని అలాగే నిలబడిపోయింది. కొత్త వాసన తగిలితే గుర్రాలూ గాడిదలూ అలా చేస్తాయి, వాసనని లోపలికి పట్టుకుని పరీక్షించడం అన్నమాట. చూసేవాళ్లకి మాత్రం పగలబడి నవ్వుతున్నట్టే ఉంటుంది. ఆ తరవాత తుమ్మింది. మా ఆవిడ కళ్లజోడు మీద.

నాన్న అప్పటికే దిగిపోయాడు. నేను ఆయన్ని ఆపబోతే, "నాకు చెప్తావేంట్రా గాడిదా," అన్నాడు, అసలు గాడిద భుజం మీద చెయ్యి వేసి. "గాడిద వెనకాలా, డిపో మేనేజరు ముందరా నిలబడకూడదు. భుజం పక్కన నిలబడితే ఏమీ చెయ్యదు." చెవి మొదట్లో గోకాడు. గాడిద చెవి పక్కకి వాల్చేసింది, మెడ ఆయనకేసి వంచింది. మూపు మీద నల్లటి చార, వెన్ను పొడుగునా ఇంకో చార, రెండూ కలిసి శిలువలా ఉన్నాయి. మావాడు అది ఎవరో పెయింట్ వేశారనుకున్నాడు. కాదు, పుట్టుకతో వచ్చేదే, మనూరి గాడిదలకీ ఉంటుందని తాతయ్య చెప్పాడు.

అప్పుడు బయటికొచ్చింది ఆయన కథ. వాళ్ల చిన్నప్పుడు ఊళ్లో చాకిరేవుకి బట్టల మూటలు మోసే గాడిదలు నాలుగు ఉండేవట. సాయంత్రం రేవు నుంచి ఖాళీగా తిరిగొస్తుంటే, వాటిని తోలుకొచ్చే పిల్లాడు, నాన్న ఒకే క్లాసు కాబట్టి, నాన్న ఎక్కి ఊరేగేవాడు. ఒకరోజు సగం దారిలో అది ఆగిపోయింది. అదిలించాడు, కదల్లేదు. కాలితో పొడిచాడు. కాలవలో పడేసి ఇంటికి తనే వెళ్లిపోయింది. "బురద కడుక్కుని ఇంటికెళ్తే మా నాన్న నన్నేమన్నాడో తెలుసా?" అన్నాడు. మాకు తెలుసు.

అమ్మ ఇంకా కారు దిగలేదు. డబ్బా మీద రెండు చేతులూ పెట్టుకుని లోపలి నుంచే, "దానికేం, నీకూ గాడిద పాలు పట్టాంగా," అంది నాతో, చాలా మామూలుగా.

"ఏంటి?"

"మూడో నెలలో. దగ్గు తగ్గట్లేదని. వీధిలో గాడిదని తోలుకుని కేకేసుకుంటూ వచ్చేవాళ్లు, అక్కడికక్కడే పితికి ఇచ్చేవాళ్లు. ఉగ్గు గిన్నెతో పట్టాను."

నలభై రెండేళ్ల నా జీవితంలో ఈ విషయం మొట్టమొదటిసారి బయటపడింది కస్టర్ పార్కు రోడ్డు పక్కన. గాడిద పాలు పడితే పిల్లలకి దగ్గూ ఆయాసం రావని మన వైపు గట్టి నమ్మకం, ఇప్పటికీ హైదరాబాద్ వీధుల్లో ఆ కేక వినపడుతుంది. పచ్చిపాలు పసిపిల్లలకి పట్టొద్దని డాక్టర్లు చెప్పేది వేరే సంగతి. మా ఆవిడ కళ్లజోడు తుడుచుకోవడం ఆపేసి నవ్వడం మొదలుపెట్టింది. నాన్న నాకేసీ గాడిదకేసీ మార్చి మార్చి చూసి, "అదీ సంగతి," అన్నాడు.

మా ముందు కారులో నెబ్రాస్కా నుంచి వచ్చిన పెద్దవాళ్లు, భార్యాభర్తలు. ఏటా వస్తారట. వాళ్ల దగ్గర క్యారెట్ల సంచీ ఉంది. నాన్న గాడిదతో నిలబడ్డ తీరు ఆ పెద్దాయనకి నచ్చినట్టుంది, రెండు క్యారెట్లు చేతిలో పెట్టాడు. వేళ్లతో పట్టుకోకూడదు, అరచెయ్యి చాపి పెట్టాలని చూపించాడు. వేలికీ క్యారెట్‌కీ తేడా వాటికి తెలీదట. నాన్న తన ఇంగ్లీషంతా కూడగట్టుకుని "థాంక్యూ సర్. వెరీ గుడ్ డాంకీ" అన్నాడు. అప్పుడే నేను విన్నది, "తిను నాన్నా, తిను."

చివరికి బయల్దేరదామంటే బూడిద రంగుది బంపరు ముందు నుంచి కదల్దు. హారన్ కొట్టాను, చెవి ఒకటి ఇటు తిప్పింది. నాన్న చప్పట్లు కొట్టాడు, నోటితో తన సొంత హారన్ ఇచ్చాడు. ఫలితం లేదు. అయిదు నిమిషాలకి వెనక మలుపులోంచి ఎర్ర రంగు వ్యాను వచ్చింది. అందులోంచి పిల్లల కేకలు, ఏదో కవరు చింపిన చప్పుడు. గాడిదలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. అర నిమిషంలో మా దారి ఖాళీ.

"కొత్త బస్సు వచ్చిందిరా. మన దాంట్లో టికెట్లయిపోయాయి," అన్నాడు నాన్న.

మూడో రోజు

పొద్దున్నే నీడిల్స్ హైవే. సూదుల్లాంటి గ్రానైట్ కొండల మధ్య నుంచి వేసిన రోడ్డు, 1922లో పూర్తయింది. గవర్నరుగా, తరవాత సెనేటరుగా పనిచేసిన పీటర్ నార్బెక్ దగ్గరుండి వేయించాడు. ఆ కొండల్లో కాలినడకనా గుర్రం మీదా తిరిగి ఎక్కడ మలుపు రావాలో గుర్తు పెట్టించాడట. జనం మెల్లగా పోవాలనే ఉద్దేశంతోనే అన్ని మలుపులు. నాన్నకి ఆ ఉద్దేశం నచ్చలేదు. "టైము కీపింగ్ ఎలా?" అన్నాడు.

నీడిల్స్ ఐ టన్నెల్ వెడల్పు ఎనిమిది అడుగులు. మా వ్యాను దూరుతుంటే రెండు పక్కలా అద్దాలు మడిచాను. నాన్న ఊపిరి బిగబట్టి, కాలు చాప మీద బిగబట్టి, అవతల పడ్డాక "మన బస్సు పట్టదు. అరంగుళమైనా పట్టదు. దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్‌లో రాత్రిపూట వానలో నడిపాను కానీ ఇందులో నన్ను నడపమంటే సిక్ లీవు పెడతాను" అని ఒప్పుకున్నాడు. ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

అక్కడి రాళ్ల మీద తెల్లటి కొండమేకలు ఉంటాయి. మాకు ఒకటి కనిపించింది, అదీ తోక వైపు. అవీ ఇక్కడివి కావు. 1924లో కెనడా నుంచి బహుమతిగా తెచ్చి పార్కు జంతుశాలలో పెడితే కంచె దూకి కొండలెక్కేశాయి. గాడిదలూ అంతే, ఆఫ్రికాలో పుట్టిన జాతి, స్పెయిన్ వాళ్ల ఓడల్లో అమెరికా ఖండానికి వచ్చింది. ఇక్కడ వాటిని పిలిచే బర్రో అన్న మాట కూడా స్పానిష్‌దే. వీసాలూ స్టాంపింగులూ లేకుండా సెటిలైపోయిన వాళ్లని చూస్తే నాకు కాస్త కుళ్లుగానే ఉంది.

ఈ పార్కులోకి గాడిదలు ఎలా వచ్చాయో మాకు తెలిసింది సిల్వన్ లేక్ దగ్గర. చెరువు చుట్టూ బండరాళ్లు, చల్లగాలి, అమ్మ చెప్పులు విప్పి నీళ్లలో కాళ్లు పెట్టింది. ఇక్కణ్ణించే బ్లాక్ ఎల్క్ శిఖరానికి కాలిబాట. 7,242 అడుగులు, ఆ రాష్ట్రంలో అదే ఎత్తు. 2016 వరకూ దాన్ని హార్నీ శిఖరం అనేవారు. ఇక్కడి మూలవాసులైన లకోటా తెగల మీద దాడి చేసిన సైన్యాధికారి పేరు తీసేసి లకోటాల గురువు పేరు పెట్టారు. ఊరి పేరూ పార్కు పేరూ మాత్రం ఇంకా కస్టర్‌వే. 1868లో ఈ కొండలు లకోటాలవేనని ఒప్పందం రాసిచ్చిన ప్రభుత్వమే 1874లో కస్టర్ అనే అధికారిని పంపించింది, బంగారం ఉందని తేలింది, ఆ తరవాత ఒప్పందాన్ని ఆ ప్రభుత్వమే పక్కన పడేసింది. "ఎవడి నేల కొట్టేశాడో వాడి నేల మీదే కొట్టేసినవాడి పేరా?" అన్నాడు నాన్న.

ఇక గాడిదలు. ఒకప్పుడు ఈ చెరువు దగ్గర నుంచి టూరిస్టుల్ని శిఖరం పైకి గాడిదల మీద ఎక్కించుకెళ్లేవారు. కొన్నాళ్లకి ఆ సవారీలు ఆపేశారు. పని లేని గాడిదల్ని ఏం చేస్తారు, పార్కులోనే వదిలేశారు. అవి మోసినన్నాళ్లు వాటి మీద ఎక్కిన జనమే కార్లేసుకుని వచ్చి తినిపించడం మొదలుపెట్టారు, వాటి పిల్లలు అది చూసి నేర్చుకున్నాయి. కాబట్టి నెవాడా, అరిజోనా ఎడారుల్లో తిరిగే అడవి గాడిదలూ ఇవీ ఒకటి కావు. ప్రభుత్వ భూముల్లో తిరిగే ఆ అడవి గాడిదలకి 1971లో చేసిన కేంద్ర చట్టం రక్షణ ఉంది. మనిషిని చూస్తే చాలావరకు అవి పారిపోతాయి. ఇవి మనిషిని చూస్తే కిటికీ వెతుక్కుంటాయి.

"అంటే రిటైర్డ్ స్టాఫ్," అన్నాడు నాన్న. "పెన్షన్ వసూలు చేసుకుంటున్నాయి. తప్పేముంది?"

మధ్యాహ్నం ఐరన్ మౌంటెన్ రోడ్డు మీదుగా మౌంట్ రష్‌మోర్ వెళ్లాం. మూడొందలకు పైగా మలుపులు, కొయ్య వంతెనల మీద రోడ్డు చుట్టలు చుట్టుకుంటూ పోతుంది, టన్నెల్లోంచి చూస్తే సరిగ్గా చట్రంలో పెట్టినట్టు నలుగురు ప్రెసిడెంట్ల మొహాలు కనబడతాయి. ఒక్కో మొహం అరవై అడుగులు. 1927 నుంచి 1941 దాకా చెక్కారు. బాగుంది. ఫోటోలు దిగాం. మావాడు ఐస్‌క్రీమ్ తిన్నాడు. నేను ఈ ప్రయాణం పెట్టుకున్నదే దీనికోసం, తీరా చూస్తే నలభై నిమిషాల్లో అందరూ కారెక్కేశారు. నాన్న అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇక్కడ కూరగాయల కొట్టు ఎన్నింటిదాకా తెరిచుంటుంది?"

కస్టర్ ఊళ్లో అయిదు పౌన్ల క్యారెట్ల సంచీ తన డబ్బుతో కొన్నాడు. నాకు సైకిలు కొనడానికి ఏడాదిన్నర పట్టిన మనిషి.

మా ఆవిడ ఫోనులో చదివి కొంచెం అడ్డుపడింది. గాడిద కడుపు ఎడారి గడ్డి కోసం తయారైంది, తీపి ఎక్కువైతే ఒళ్లొచ్చి గిట్టల జబ్బు పడుతుందట. బ్రెడ్డు, చిప్సు, బిస్కెట్లు అసలు పనికిరావు. క్యారెట్టయినా గుండ్రంగా కోస్తే గొంతుకి అడ్డం పడుతుంది, నిలువుగా పొడుగ్గా కోయాలి. నిజం చెప్పాలంటే చుట్టూ మోకాలెత్తు గడ్డి పెట్టుకుని ఆ గాడిదలకి ఆకలేమీ లేదు, అలవాటే. నాన్న మొత్తం విని, సగం సంచీ మాత్రమే పెడతానని ఒప్పుకుని, రాత్రి పది దాటాక మోటల్ గదిలో టేబుల్ మీద న్యూస్‌పేపరు పరిచి క్యారెట్లు నిలువుగా చీల్చాడు. అమ్మ మంచం మీద నుంచి చూస్తూ, "నలభై అయిదేళ్ల కాపురంలో బెండకాయ కోసిపెట్టలేదు," అంది.

నాలుగో రోజు

తిరుగు ప్రయాణం. దారి కాకపోయినా లూప్ రోడ్డు ఎక్కాం, దానికి వోటింగేమీ జరగలేదు.

ఏడింటికి గాడిదలు అక్కడ లేవు. రెండు మైళ్లు వెనక్కీ ముందుకీ తిరిగాం. నాన్న మాట్లాడకుండా కిటికీలోంచి చూస్తున్నాడు. దిబ్బల మీద మోడుల్లా నల్లటి పైన్ చెట్లు నిలబడి ఉన్నాయి. అవి 2017 డిసెంబరులో వచ్చిన మంటల గుర్తులు. కరెంటు తీగ మీద చెట్టు పడి అంటుకుంది, గాలికి యాభై వేల ఎకరాలకు పైగా కాలిపోయింది. గాడిదలు కూడా కాలాయి. కొన్ని బతకలేదు. ఈ సంగతి నేను ముందు రోజే చదివాను కానీ నాన్నకి చెప్పలేదు. ఆ పొద్దున చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే మోడుల గురించి ఆయనే అడిగాడు.

కాసేపాగి, "మన ఊళ్లో మాత్రం ఉన్నాయేంట్రా," అన్నాడు. నిజమే. 2012లో దేశం మొత్తం మీద మూడు లక్షల పైచిలుకు గాడిదలుంటే 2019 పశుగణనకి లక్షా ఇరవై వేలకి పడిపోయాయి. మోసే పని ఆటోలూ ట్రాక్టర్లూ తీసుకున్నాయి, ఉతికే పని మెషిన్లు తీసుకున్నాయి. మా జిల్లాల్లో వాటి మాంసం దొంగచాటుగా అమ్మడం ఇంకొకటి. ఆహార భద్రత రూల్సు ఒప్పుకోవు, తింటే బలం అని తినేవాళ్లు తింటారు. నాన్న ఆ మాట వరకు వచ్చి ఆపేశాడు, మావాడు వింటున్నాడని.

అంతలో అరుపు వినిపించింది. ముందు తలుపు కీచుమన్నట్టు ఊపిరి లోపలికి, తరవాత రంపం కోసినట్టు బయటికి. గాడిద ఊపిరి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ కూడా అరుస్తుంది, అందుకే ఓండ్రకి ఆ రెండు ముక్కలు. దిబ్బ అవతల నుంచి ఒకటి తరవాత ఒకటి దిగొస్తున్నాయి. లెక్కపెట్టాను, పదకొండు. చివర్లో ఒక పిల్ల, దాని కాళ్లు దానికే పొడుగెక్కువైనట్టు నడుస్తోంది. ముందు చినిగిన చెవిది.

మా బండి తప్ప ఇంకేం లేదు రోడ్డు మీద. చెకింగ్ మొత్తం మాకే. నాన్న దిగి, చేతులు వెనక్కి పెట్టుకుని, అయిదో క్లాసు మాస్టారిలా వరసలో నిలబెట్టడానికి చూశాడు. అవి ఆయన జేబుల్ని మూతులతో పొడుస్తూ చుట్టూ తిరిగాయి. అరచెయ్యి చాపి ఒక్కోదానికి ఒక్కో ముక్క. రెండోసారి వచ్చినదాన్ని గుర్తుపట్టి "నువ్వు తిన్నావుగా! పాసెంజర్లని చూస్తే నాకు మర్చిపోవడం రాదు" అని వెనక్కి పంపాడు. తెల్లటిది ఒకటి వెనక నుంచి వచ్చి ఆయన చొక్కా కాలరు నోట్లో పెట్టుకుంది. పిల్లగాడిద దగ్గరికి మావాడు వెళ్లబోతే తల్లి మధ్యలోకి వచ్చి నిలబడింది, అరవలేదు, చెవులు మాత్రం వెనక్కి పెట్టింది. నాన్న వాణ్ణి మెల్లగా వెనక్కి లాగాడు.

ఇవాళ అమ్మ కూడా దిగింది. దూరంగా కారు తలుపుని డాలులా అడ్డం పెట్టుకుని నిలబడింది. చినిగిన చెవిది నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్లింది. మొన్నటి జంతిక గుర్తుందేమో మరి. అమ్మ కాసేపు దాని మొహంలోకి చూసి, "పెట్టనమ్మా, వాము వేశాను, నీకు పడదు," అని వివరంగా చెప్పింది. తరవాత నాన్న చేతిలోంచి ఒక క్యారెట్ ముక్క లాక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి చాపింది. పని అయిపోయాక అరచెయ్యి చూసుకుని, "చక్కిలిగింతలు," అంది, ఎవరితోనో కాదన్నట్టు.

సగం సంచీ అన్నాడు కదా. పది నిమిషాల తరవాత సంచీ బోర్లించి ఖాళీగా ఉందని వాటికి చూపించాడు. అవి నమ్మలేదు. ఎవరైనా కొత్తవాళ్లు వస్తే గాని కదలవని మాకు తెలుసు కాబట్టి అద్దాలెత్తుకుని కారులో కూర్చున్నాం. చినిగిన చెవిది నా అద్దానికి ముక్కు ఆనించి ఊపిరి వదిలింది. అద్దం మీద ఆవిరి, ఆవిరి మధ్యలో రెండు ముక్కుపుటాల ముద్రలు. పావుగంటకి ఒక జీపు వచ్చి మమ్మల్ని విడిపించింది.

దారంతా ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మ్యూల్ క్రీక్ దగ్గర పెరుగన్నం తిన్నాం. లస్క్ దాటాక వెనక సీట్లో అందరూ నిద్రపోయారు. షయాన్ వచ్చేసరికి ట్రాఫిక్, వాన, నేను డెన్వర్ వైపు పోయే రోడ్డు ఇంకొంచెం ఉంటే తప్పిపోయేవాణ్ణే.

"కుడి పక్కరా! కుడి పక్క, గాడిదా!" అని నాన్న ఒక్క కేక పెట్టాడు.

మావాడు ఉలిక్కిపడి లేచాడు. "ఎక్కడ? ఎక్కడ తాతయ్యా?" అంటూ కుడి పక్క అద్దం దించేశాడు. వాన జల్లు లోపలికి కొట్టింది. అమ్మ కళ్లు తెరవకుండానే జంతికల డబ్బా మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది.